తారు పడకముందే: అరవై అడుగుల రోడ్డు గురించి కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్ అధికారులకు, ట్రాఫిక్ పోలీసు అధికారులకు, మా డివిజన్ కార్పొరేటర్ గారికి,

నమస్కారం.

సర్వీసు రోడ్డు నుంచి రైతు బజారు దాకా ఉన్న అరవై అడుగుల రోడ్డుకు మళ్లీ బీటీ (తారు పొర) వేసేందుకు ఎస్టిమేట్ తయారవుతోందని విన్నాం. సంతోషం. అయితే ఒక మాట ముందే చెప్పాలి. గుంతల రోడ్డు మీద ఎవరూ అరవై స్పీడులో పోరు. నున్నటి తారు పడిందంటే వారం తిరక్కుండానే బైకులు స్కూలు గేటు ముందు నుంచి దూసుకుపోతాయి. కాబట్టి వేగాన్ని అదుపులో పెట్టే పనులు ‘తర్వాత చూద్దాం’ అన్న ఖాతాలో కాక, బీటీ ఎస్టిమేట్‌లోనే ఉండాలి. అందులో సగం తారు పడకముందే జరిగిపోవాలి. పడ్డాక చేయాలంటే కొత్త రోడ్డును తవ్వాలి, లేదా పైన ఏదో ఒకటి అతికించాలి.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారు 44.5 శాతం, నడిచి వెళ్లేవారు 19.5 శాతం. మా రోడ్డు మీద పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగేది ఎక్కువగా ఈ రెండు రకాలవాళ్లే. మాలో రోడ్ల పనులు చేయించి రిటైరైన ఇంజినీర్లున్నారు, ఆటో నడిపేవాళ్లున్నారు, టీచర్లున్నారు, రైతు బజారుకు రోజూ నడిచి వెళ్లేవాళ్లున్నారు. అందరం కూర్చుని రాసిన సూచనలివి.

భూమిలోపలి పని మొదట

కొత్త రోడ్డు పడిన మూడు నెలలకే కుళాయి కనెక్షన్‌కో కేబుల్‌కో కటింగ్ (రోడ్డు తవ్వడం) రావడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. టెండరు పిలవకముందే నీటి సరఫరా, భూగర్భ డ్రైనేజీ, కరెంటు, టెలిఫోన్, గ్యాస్ పైపులవాళ్లందరికీ ఒకే తేదీతో ఉత్తరం రాయండి. ఆలోగా పని ముగించుకోవాలి, ఆ తర్వాత రెండేళ్లు కటింగ్‌కు అనుమతి లేదని చెప్పండి. ఇదే మాట వీధుల్లో మైకులో చెప్పిస్తే కనెక్షన్ కోసం నాన్చుతున్న ఇళ్లవాళ్లూ కదులుతారు.

ఎంత చెప్పినా తర్వాత అవసరాలు రాకమానవు. అందుకని ప్రతి 100 మీటర్లకు ఒకచోట, మీటరు లోతున, రోడ్డుకు అడ్డంగా రెండు ఖాళీ పైపులు పడేయించండి. 150 మిల్లీమీటర్ల పైపు చాలు. చివరలు మూతలతో మూసి, రెండువైపులా కర్బ్ రాయి (ఫుట్‌పాత్ అంచు రాయి) మీద పసుపు రంగు గుర్తు వేయించాలి. గుర్తు లేకపోతే అక్కడ పైపున్న సంగతి ఎవరికీ తెలియదు, దాని పక్కనే మళ్లీ తవ్వుతారు.

ఇప్పటికే ఉన్న కటింగ్‌లను మూసే తీరు మారాలి. తవ్విన బురదమట్టినే తిరిగి గుంతలో నెట్టి, పైన నాలుగు తట్టల కంకర పోసి రోలర్ ఎక్కిస్తే తొలకరికే అది కుంగుతుంది. రోలర్ బరువు పైపొరను నొక్కుతుంది కానీ మీటరు లోతు మట్టిని కాదు. గ్రావెల్ గానీ కంకరపొడి గానీ 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరగా వేసి, నీళ్లు చల్లి, ప్లేట్ కాంపాక్టర్‌తో దిమ్మిస చేసి, ఆ మీదే తర్వాతి పొర వేయాలి. మీటరు గుంతకు కనీసం ఐదు పొరలు. ఈ పనికి వర్క్ ఇన్‌స్పెక్టర్ దగ్గర నిలబడాల్సిందే. పైన మూసేశాక ఏం చేశారో ఏ ఫొటో చెప్పలేదు.

రోడ్డు అంచుకు వచ్చేసిన కరెంటు స్తంభాలను తారు పడకముందే జరిపించండి. రోడ్డు వెడల్పయి స్తంభం మాత్రం తారులో నిలబడిపోయిన చోట్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. స్తంభాలు మార్చే ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోవడమే దానికి కారణం. ఇందులో మాత్రం ఆ పద్దు చేర్చమని మనవి.

రోడ్డు ఎత్తు పెరగకూడదు

పాత తారు మీదే 40 మిల్లీమీటర్ల కొత్త పొర వేయడం సులువే. ఐదుసార్లు అలా వేస్తే రోడ్డు 20 సెంటీమీటర్లు లేస్తుంది. ఇళ్ల గడపలు పల్లమవుతాయి, వాన నీళ్లు కాలువకు పోవాల్సినవి వరండాలోకి వస్తాయి, మ్యాన్‌హోల్ మూత గుంతలో దిగిపోతుంది. దాన్ని తప్పించబోయే బైకు పక్క వాహనం కిందికి పోతుంది. కాబట్టి మిల్లింగ్ యంత్రంతో పాత పొర గీకించి, అంతే మందం కొత్తది వేయించండి. పని మొదలుపెట్టకముందు ఇరవై మీటర్లకొకచోట ప్రహరీ గోడల మీద ప్రస్తుత రోడ్డు మట్టాన్ని పెయింటుతో గుర్తిస్తే, తర్వాత వాదన ఉండదు. గోడలు మావే, అభ్యంతరం లేదు.

నీళ్లు పోవాలంటే మధ్య నుంచి అంచుకు వాలు ఉండాలి. బీటీకి 2.5 శాతం. తారు వెడల్పు 14 మీటర్లయితే సగం 7 మీటర్లు, అంటే మధ్యభాగం అంచుకన్నా 17.5 సెంటీమీటర్లు ఎత్తుండాలి. ఒక దారం, ఒక స్కేలు ఉంటే ఎవరైనా కొలవొచ్చు.

మ్యాన్‌హోల్ మూతల మీద చాలామంది చూడని సంగతి ఒకటుంది. కాంక్రీటు మూత మీద దాని తరగతి అచ్చుపోసి ఉంటుంది. ఎల్‌డీ–2.5 అంటే రెండున్నర టన్నులు, ఎండీ–10 అంటే పది, హెచ్‌డీ–20 అంటే ఇరవై, ఈహెచ్‌డీ–35 అంటే ముప్ఫై ఐదు టన్నులకు తట్టుకునేది. ఇళ్ల ఆవరణలో వేసే ఎల్‌డీ మూతను ఇసుక లారీలు తిరిగే రోడ్డులో వేస్తే ఎన్నాళ్లుంటుంది? తారు మీద హెచ్‌డీ–20కి తగ్గకూడదు. ఫ్రేమును చివరి పొరకు ముందే కొత్త మట్టానికి లేపి, కింద కాంక్రీటు గట్టిపడేదాకా ఆగాలి. పనయ్యాక మూత మీదా రోడ్డు మీదా కలిపి స్కేలు పెడితే 5 మిల్లీమీటర్లకు మించి తేడా కనబడకూడదు.

ఇక తారు వేసే రోజు. వీజీ–30 రకం తారుతో కలిపిన కంకర మాలు ప్లాంటు నుంచి 150–165 డిగ్రీల వేడితో బయల్దేరుతుంది. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, 90కి పడిపోకముందే రోలింగ్ ముగియాలి. 40 మిల్లీమీటర్ల పొర ఇట్టే చల్లారుతుంది కాబట్టి టిప్పర్ మీద టార్పాలిన్ లేకపోయినా, రోలర్ ఆలస్యమైనా కంకర పట్టుకోదు, రెండో వానకే లేచిపోతుంది. పుల్లలాంటి మెటల్ థర్మామీటరు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారి జేబులో ఉంటే చాలు. మార్చి నెలాఖరు బిల్లు కోసం రాత్రికి రాత్రి, ఊడ్వని దుమ్ము మీద పరిచే పని మాత్రం వద్దు.

స్పీడ్ బ్రేకర్లు

ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్ అంటే మిగిలిన తారును రోడ్డుకు అడ్డంగా కుప్పపోసి, పారతో సవరించి వదిలేయడమే. అర మీటరు వెడల్పు, జానెడు ఎత్తు. దాని మీద నెమ్మదిగా పోయేవాడికే నడుం విరుగుతుంది. వేగంగా వచ్చే కారుకు టైరూ స్ప్రింగూ ఆ దెబ్బను మింగేస్తాయి, లోపలున్నవాడికి పెద్దగా తెలియదు. ఆపాలనుకున్నవాణ్ని ఆపదు, బైకు వెనక సీటులో పక్కకు తిరిగి కూర్చున్న అమ్మమ్మను మాత్రం కింద పడేస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) తన ఐఆర్‌సీ:99 మార్గదర్శకాల్లో ఇచ్చిన కొలత వేరు. వాహనం పోయే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వంపు. 1970లలో బ్రిటన్‌లోని రవాణా పరిశోధనశాల పరీక్షించి తేల్చిన ఆకారమే ఇది. దీని గుణం ఏమిటంటే 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటొచ్చు, వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరుగుతుంది. బస్సులు, లారీలు ఎక్కువగా తిరిగేచోట అదే ఎత్తుకు 5 మీటర్ల వెడల్పు.

కొలత తప్పకుండా వేయించడానికి ఒక ప్లైవుడ్ అచ్చు చాలు. 3.7 మీటర్ల పొడవు చెక్క, దాని కింది అంచులో వంపు కోయాలి. నడిమధ్య 10 సెంటీమీటర్లు, మధ్యకూ చివరకూ సరిగ్గా సగంలో 7.5 సెంటీమీటర్లు, చివర్లలో సున్నా. రోలింగ్ అయ్యాక ఎడమ, మధ్య, కుడి మూడుచోట్ల పెట్టి చూడాలి. అచ్చు కింద వేలు దూరితే పల్లం, అచ్చు ఊగితే బొడిపె. చల్లారకముందే సరిచేయించాలి. అచ్చు మేం చేయించి ఇస్తాం.

బ్రేకర్ చివరలో కాలువ వైపు ఖాళీ ఎంత వదలాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నీళ్లు పోవాలని మీటరు వదిలితే బైకులన్నీ ఆ సందులోంచే, నడిచేవాళ్ల కాళ్ల మీదుగా పోతాయి. పూర్తిగా మూస్తే నీళ్లు నిలిచి అక్కడే గుంత పడుతుంది. అర అడుగు వదిలితే నీళ్లు పోతాయి, బండి పోదు.

నలుపు–పసుపు రంగు రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలను బోల్టులతో బిగించే రకం దయచేసి వద్దు. లారీ చక్రాల కింద ఒక్కో ముక్కా ఊడిపోయి, బోల్టులు మాత్రం తారులో పైకి పొడుచుకుని ఉండిపోతాయి. పంక్చర్ షాపువాళ్లకు తప్ప వాటివల్ల ఎవరికీ లాభం లేదు.

ఒక బ్రేకర్‌కూ ఇంకో బ్రేకర్‌కూ మధ్య 100 నుంచి 120 మీటర్లు ఉండాలి. అంతకన్నా దూరమైతే మధ్యలో మళ్లీ వేగం పుంజుకుంటారు. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, బ్రేకర్ మీద నలుపు–తెలుపు పట్టీలు ఉండాలి. రాత్రి వానలో రంగులేని బ్రేకర్ గుంతకన్నా ప్రమాదం. పైగా, తన ఇంటి ముందు ఒకటి వేయమని మా కాలనీవాళ్లే రేపు మీ ఆఫీసుకు వస్తారు. ఒప్పుకోకండి. పక్క వీధులు ఈ రోడ్డులో కలిసేచోట, వీధి వైపున మలుపుకు పది మీటర్ల లోపల ఒక్కొక్కటి, స్కూలుకు అటూఇటూ ఒక్కొక్కటి చాలు. ఇప్పుడున్న కుప్పలన్నీ మిల్లింగ్‌లోనే పోవాలి.

స్కూలు ముందు

అరవై అడుగులంటే 18.3 మీటర్లు. రెండువైపులా 1.8 మీటర్ల ఫుట్‌పాత్ పోగా, కర్బ్ రాళ్లకు, స్తంభాలకు కొంత వదిలితే 14 మీటర్ల తారు మిగులుతుంది. అందులో చెరో 2 మీటర్లు పార్కింగ్, మధ్యలో 10 మీటర్లు రాకపోకలకు. స్కూలు గేటు దగ్గర పార్కింగ్ ఎలాగూ ఉండకూడదు కాబట్టి, అక్కడ ఫుట్‌పాత్‌నే చెరో 2 మీటర్లు ముందుకు జరపండి. దాటాల్సిన దూరం 14 నుంచి 10 మీటర్లకు తగ్గుతుంది. సెకనుకు మీటరు నడిచే పిల్లాడు నాలుగు సెకన్లు తక్కువసేపు వాహనాల మధ్య ఉంటాడు. అంతకన్నా ముఖ్యం, ఆగి ఉన్న ఆటో చాటునుంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి రాడు, డ్రైవరు కంటికి ముందే కనబడతాడు.

ఆ చోట జీబ్రా గీతలు నేల మీద కాకుండా ఎత్తైన తిన్నె మీద వేయించండి. 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన 4 మీటర్ల సమతలం, ఇరువైపులా మీటరున్నర వాలు. గీత 50 సెంటీమీటర్ల వెడల్పు, గీతకూ గీతకూ మధ్య అంతే ఖాళీ. రంగు మామూలు పెయింటు అయితే దసరాకు వేసింది సంక్రాంతికి ఉండదు. కరిగించి పోసే థర్మోప్లాస్టిక్ 2.5 మిల్లీమీటర్ల మందంతో, వేడిగా ఉండగానే చదరపు మీటరుకు 250 గ్రాముల గాజుపూసలు చల్లి వేయాలి. రాత్రి హెడ్‌లైటు వెలుగు తిరిగి కంటికి చేరేది ఆ పూసలవల్లే. చాలాచోట్ల పూసలు మానేస్తారు, పగలు చూస్తే ఆ తేడా తెలియదు. తనిఖీ రాత్రి చేయాలి.

వేగపరిమితి బోర్డు 30 అని ఉండాలి. ఐఆర్‌సీ లెక్కలో 30 వేగంలో ఉన్న వాహనం చూసి, బ్రేకు వేసి ఆగడానికి 30 మీటర్లు కావాలి. 50లో ఉంటే 60 మీటర్లు. వేగం పెరిగింది ఇరవై, దూరం రెట్టింపైంది. నడిచేవాళ్లూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30కి మించకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటన కూడా చెప్పింది. అయితే బోర్డు ఒక్కదాన్ని చూసి ఎవరూ తగ్గించరు. పైన చెప్పిన తిన్నె, బ్రేకర్లు ఉంటేనే బోర్డుకు విలువ.

ట్రాఫిక్ పోలీసు వారికి ఒక మనవి. స్కూలు ఆటోలు, తల్లిదండ్రుల బండ్లు గేటు ఎదురుగా కాకుండా గేటు దాటి 50 మీటర్ల అవతల, స్కూలు వైపు ఫుట్‌పాత్ పక్కనే ఆగేలా స్థలం గీయించండి. పిల్లలు రోడ్డు దాటే అవసరమే సగం తగ్గుతుంది. మొదటి రెండు వారాలు కానిస్టేబుల్ ఉంటే ఆ తర్వాత అలవాటు దానంతటదే నిలబడుతుంది.

మలుపులు, దీపాలు, బండ్లు

మలుపు దగ్గర పది మీటర్ల దాకా ఏ వాహనమూ ఆగకూడదు. ఫ్లెక్సీలు కూడా అక్కడ వద్దు. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ సరిగ్గా బైకు నడిపేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది, ఎవరి పుట్టినరోజైనా సరే. షేర్ ఆటోల స్టాండును కూడలికి ముందు కాక, దాటాక 30 మీటర్లకు మార్చండి. ముందుంటే ఎడమకు తిరిగేవాళ్లు ఆటోల వెనకే ఇరుక్కుంటారు, దిగినవాళ్లు ఆటో ముందు నుంచి దాటుతారు.

మధ్యలో పొడవునా డివైడర్ కట్టాలన్న ఆలోచన ఉందని కూడా విన్నాం. ఇరువైపులా దుకాణాలున్న ఈ రోడ్డుకు అది నప్పదని మా అభిప్రాయం. యూటర్న్ అర కిలోమీటరు దూరమైతే రాంగ్ రూట్ పుట్టుకొస్తుంది. చలానాలతో దాన్ని కొంతవరకే ఆపగలరు. కట్టక తప్పదనుకుంటే ఖాళీలు దగ్గరదగ్గరగా వదలండి, చివర్లలో రిఫ్లెక్టర్ పలకలు బిగించండి, ఖాళీకి ఇరువైపులా గన్నేరు లాంటి గుబురు మొక్కలు పెట్టకండి. మోకాలెత్తు దాటిన పొద వెనక చిన్నపిల్ల కనబడదు.

వీధి దీపాల్లో వాట్ల గురించే మాట్లాడుకుంటాం కానీ స్థానం గురించి మాట్లాడం. జీబ్రాకు సరిగ్గా పైన దీపం ఉంటే దాటే మనిషి నల్లటి నీడగా కనబడతాడు. వాహనం వచ్చే వైపు, జీబ్రాకు రెండు మూడు మీటర్ల ముందు దీపం ఉంటే వెలుగు మనిషి మీద పడుతుంది. రెండువైపుల రాకపోకలకు రెండు దీపాలు. చెట్టు కొమ్మలు కమ్మినచోట చెట్టు కొట్టేయకుండా దీపం చేతిని కొమ్మల కిందికి దించితే చాలు.

తోపుడు బండ్లు, టిఫిన్ బండ్లు తీసేయమని మేం అడగడం లేదు. వాటి దగ్గరే మేమూ తింటాం, కూరగాయలూ కొంటాం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో వాళ్లను కూర్చోబెట్టి, రైతు బజారు ప్రహరీ వెంబడి ఉన్న పార్కింగ్ పట్టీలో గీతలు గీసి స్థలాలు ఇవ్వండి. ఫుట్‌పాత్ మీద మాత్రం 1.8 మీటర్లు నడకకు ఖాళీగా ఉండాలి. కర్బ్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. అడుగు ఎత్తు కట్టిన ఫుట్‌పాత్‌ను మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కలేరు, రోడ్డు మీదే నడుస్తారు. ప్రతి గేటు దగ్గరా దించి లేపినా అదే పరిస్థితి. ఫుట్‌పాత్ ఒకే మట్టంలో సాగాలి, గేటు ముందు కర్బ్ అంచు మాత్రమే వాలాలి.

కాలువ మీద ఇనుప జల్లెళ్ల కమ్మీలు రోడ్డు పొడవునా ఉంటే సైకిలు చక్రం నేరుగా దిగిపోతుంది. అడ్డంగా ఉండాలి. తీసిన పూడిక గట్టు మీద వారం ఉంటే వానకు మళ్లీ కాలువలోకే చేరుతుంది, మర్నాడే ఎత్తించండి.

లెక్కలు, తనిఖీ

పోలీసుల దగ్గర ప్రమాదాల వివరాలు ఈ–డార్ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో స్థలంతో సహా నమోదవుతున్నాయి. గత మూడేళ్లలో ఈ రోడ్డు మీద నమోదైన చోట్ల పటం, పేర్లు లేకుండా, ఇంజినీరింగ్ విభాగానికి ఇప్పించండి. అయితే కేసు కాని పడిపోవడాలు అందులో ఉండవు. మోచేయి చీరుకుపోయి లేచి వెళ్లిపోయినవాళ్ల సంగతి పంక్చర్ షాపు, మందుల షాపు, టీకొట్టువాళ్లకే తెలుసు. ఏఈ గారు ఒక పూట వాళ్లను అడుగుతూ నడిస్తే ఏ కన్సల్టెంటూ ఇవ్వలేని జాబితా వస్తుంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఎ సెక్షన్ ఉంది. కేంద్రం నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు రూపొందించి, కట్టి, నిర్వహించినందువల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులైన సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంటు లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. దీన్ని బెదిరింపుగా రాయడం లేదు. కాంట్రాక్టరు కొలత తప్పినప్పుడు మీ ఏఈ గారు చూపించడానికి పనికొస్తుందని రాస్తున్నాం.

మా కోరికల్లో అన్నీ ఒకేసారి కుదరకపోతే వరుస ఇది: కటింగ్‌లు, స్తంభాలు, మిల్లింగ్, స్కూలు తిన్నె, బ్రేకర్లు. ఫుట్‌పాత్, దీపాలు వచ్చే ఏడాదికి ఆగినా ఫర్వాలేదు. మొదటి ఐదూ మాత్రం తారుతో ముడిపడినవి. ఎస్టిమేట్, డ్రాయింగు ప్రతి ఒకటి వార్డు సచివాలయం నోటీసు బోర్డులో పెట్టించండి. పని తేదీలు నాలుగు రోజుల ముందు తెలిస్తే రోడ్డు మీది వాహనాలన్నీ పక్క వీధుల్లోకి తీయిస్తాం, రాత్రి పని అయితే కరెంటు, మంచినీళ్లు మా ఇళ్ల నుంచి ఇస్తాం. బ్రేకర్ అచ్చు ఎప్పుడు, ఎవరికి అందజేయాలో ఏఈ గారు చెబితే ఆ రోజుకు సిద్ధంగా ఉంచుతాం.

ఇట్లు,
అరవై అడుగుల రోడ్డు, పక్క వీధుల కాలనీవాసులు